అమెరికా హైవేల మీద అమ్మానాన్నలతో ప్రయాణం: చైన్ రెస్టారెంట్లలో ఏమి అడగాలి, ఏమి తినాలి

ఎండాకాలం మొదలైతే చాలు, ఇదే ప్రశ్న వస్తుంది. "ఊరి నుంచి అమ్మానాన్నలు వచ్చారు, కారులో యెల్లోస్టోన్ వెళ్తున్నాం, దారిలో వాళ్లకు ఏమి పెట్టాలి?" అమెరికా హైవే పక్కన దొరికేది చాలావరకు చైన్ రెస్టారెంట్ల తిండే. శాకాహారులకు, గుడ్డు తినని వారికి, చికెన్ తిన్నా బీఫ్ ముట్టని వారికి, షుగరు ఉన్నవారికి అందులోనే సరిపడే భోజనం కుదుర్చుకోవచ్చు. అయితే ఆకలి మీద కౌంటరు ముందు నిలబడి, వెనక వరుస పెరుగుతుంటే అప్పుడు ఆలోచించడం మొదలుపెడితే కుదరదు. నిర్ణయాలన్నీ ఇంట్లోనే జరిగిపోవాలి. కౌంటరు దగ్గర చెప్పడం ఒక్కటే మిగలాలి.

1. ఎవరు ఏమి తినరో రాసుకోండి

"శాకాహారం" అన్న ఒక్క మాట మీద ఆధారపడకండి. కౌంటరులో ఉన్నవారికి చాలాసార్లు మాంసం ముక్క కనిపించకపోతే అది శాకాహారమే. చికెన్ ఉడికించిన నీళ్లతో చేసిన సూపు, పందికొవ్వు కలిపిన బీన్స్ వాళ్ల లెక్కలో మాంసం కాకపోవచ్చు. అందుకే ఇంట్లో తీరిగ్గా కూర్చున్నప్పుడు ఒక్కొక్కరినీ అడిగి, జవాబులు ఫోనులో రాసి పెట్టుకోండి.

- గుడ్డు తింటారా? బన్నులోనో కేకులోనో కలిసి ఉంటే పరవాలేదా?
- మాంసం వేగిన నూనెలో వేయించిన బంగాళాదుంపలు తింటారా?
- బీఫ్, పోర్క్ కాల్చిన పెనం మీద చేసినవి తింటారా?
- దూడ పొట్ట నుంచి తీసే రెనెట్‌తో చేసిన చీజ్ తింటారా?
- ఉల్లి, వెల్లుల్లి సంగతి ఏమిటి?
- ఏ మందు ఏ వేళకు? తిండికి ముందా, తరువాతా?
- ఏకాదశి, శనివారం ఉపవాసాలు ప్రయాణపు రోజుల్లో పడుతున్నాయా?

గీత ఎక్కడ గీయాలన్నది పూర్తిగా వాళ్ల నిర్ణయం. "ఇక్కడ అవన్నీ కుదరవు" అని మీరే తేల్చేయకండి. కొందరు పెద్దలు నూనె విషయంలో సర్దుకుంటారు కానీ గుడ్డు దగ్గర సర్దుకోరు. మరికొందరు కేకులో గుడ్డు పట్టించుకోరు కానీ మాంసం తగిలిన పెనం అంటే ముద్ద దిగదు. ముందే తెలిస్తే రెండూ సులువుగా చూసుకోవచ్చు.

2. భోజనానికి ఆగే చోట్లు ముందే గుర్తించండి

ఇంటర్‌స్టేట్ హైవేల పక్కన ఉండే విశ్రాంతి స్థలాల్లో రెస్టారెంట్లు పెట్టడానికి ఫెడరల్ చట్టం సాధారణంగా ఒప్పుకోదు. అక్కడ దొరికేవి మరుగుదొడ్లు, మంచినీళ్లు, నాణేలు వేస్తే చిరుతిళ్లు ఇచ్చే యంత్రాలు, అంతే. తిండి కావాలంటే ఎగ్జిట్ తీసుకుని బయటకు వెళ్లాలి. న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఒహాయో టర్న్‌పైక్‌ల వంటి పాత టోల్ రోడ్లలో మాత్రం రోడ్డు దిగకుండానే సర్వీసు ప్లాజాల్లో రెస్టారెంట్లు ఉంటాయి.

ఎగ్జిట్‌కు ముందు వచ్చే నీలం రంగు బోర్డుల మీద అక్కడున్న రెస్టారెంట్ల గుర్తులు కనిపిస్తాయి. బోర్డు చూసి అప్పటికప్పుడు నిర్ణయించుకునే అలవాటు పడమటి రాష్ట్రాల్లో ఇబ్బంది పెడుతుంది. యూటాలో ఇంటర్‌స్టేట్ 70 మీద గ్రీన్ రివర్, సలైనా ఊళ్ల మధ్య 100 మైళ్లకు పైగా పెట్రోలు గానీ తిండి గానీ దొరకదు. అలాంటి చోట్లకు ముందే తినేసి బయలుదేరాలి.

విరామాలు గుర్తించేటప్పుడు ఈ వరుసలో వెళ్లండి.

1. మందుల వేళలను బట్టి భోజన సమయాలు ముందు రాయండి. ఊళ్ల పేర్లు తరువాత.
2. ఒక్కో భోజనానికి ఒకే ఎగ్జిట్‌లో పక్కపక్కనే ఉన్న రెండు చైన్లను ఎంచుకోండి. పిల్లలు అడిగేది ఒకచోట, పెద్దలకు నప్పేది ఇంకోచోట కొనవచ్చు.
3. మధ్యాహ్నం పన్నెండున్నర రద్దీకి ముందే, పదకొండున్నర ప్రాంతంలో చేరేలా చూసుకోండి. వరుస చిన్నగా ఉన్నప్పుడు మీ మాట ఓపికగా వింటారు.
4. దారిలో కాలమండలం (టైమ్ జోన్) మారుతుందేమో చూడండి. గంట ముందుకు జరిగితే మీరు చేరేసరికి రాత్రి భోజనం వేళ దాటిపోతుంది.
5. పనివేళలు చూడండి. చిక్-ఫిలే ఆదివారాలు తెరవదు. థాంక్స్‌గివింగ్, క్రిస్మస్ రోజుల్లో చాలా దుకాణాలు మూసి ఉంటాయి.

ఇంకో సంగతి, ఇది ఏ పట్టికలోనూ దొరకదు. "ఆకలిగా లేదులే, మీరు కానివ్వండి" అని అమ్మ అంటే దానిని నమ్మకండి. మీకు ఖర్చు ఎందుకని, ఆపమని అడగడం ఎందుకని పెద్దలు అలాగే అంటారు. మరుగుదొడ్డి కోసం మాటిమాటికీ ఆపాల్సి వస్తుందని నీళ్లు తాగడం కూడా తగ్గించేస్తారు. వాళ్లు అడిగినా అడగకపోయినా రెండు గంటలకు ఒకసారి కారు ఆపండి. ఈ ఒక్కటి పాటిస్తే ప్రయాణంలో వచ్చే తలనొప్పులు, మలబద్ధకం, కాళ్ల వాపులు చాలావరకు తగ్గుతాయి.

3. కారులో ఉండాల్సిన డబ్బా

చైన్ రెస్టారెంటు తిండిలో మనవాళ్లకు లోటనిపించేది కారం, పులుపు, పెరుగు. ఈ మూడూ మీ దగ్గర ఉంటే సగం సమస్య తీరినట్టే.

- కందిపొడి, కారప్పొడి: మూత గట్టిగా పట్టే చిన్న డబ్బాల్లో
- నిమ్మకాయ ఊరగాయ: చిన్న సీసాలో, సీసా మొత్తం జిప్ సంచిలో
- మరమరాలు, చెక్కలు, వేయించిన వేరుశనగలు, ఖర్జూరాలు
- టీ సంచులు, థర్మాస్ ఫ్లాస్కు
- స్పూన్లు, కాగితపు పళ్లేలు, తడి రుమాళ్లు
- ఓఆర్‌ఎస్ పొట్లాలు, షుగరు ఉన్నవారికి గ్లూకోజ్ బిళ్లలు
- ఐసు పెట్టె, అందులో పెరుగు, మజ్జిగ

పులిహోర, పెరుగన్నం చేసుకుని వెళ్లేవారు ఒకటి గుర్తుంచుకోవాలి. వండిన అన్నం బయట 2 గంటలకు మించి ఉండకూడదు. ఎండ 90 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 32 డిగ్రీల సెల్సియస్ దాటితే గంటే లెక్క. ఎండలో ఆపిన కారు లోపల ఆ వేడి నిమిషాల్లో వచ్చేస్తుంది. చింతపండు వేశాం కదా అని పులిహోరను డిక్కీలో వదిలేయకండి. రెండింటినీ ఐసు పెట్టెలోనే ఉంచి, మొదటి రోజు మధ్యాహ్నానికే తినేయండి.

4. ఏ చైన్‌లో ఏమి అడగాలి

టాకో బెల్. శాకాహారులు కళ్లు మూసుకుని ఆగగలిగే చోటు ఇదే. దీని శాకాహార పదార్థాలకు అమెరికన్ వెజిటేరియన్ అసోసియేషన్ ధ్రువీకరణ ఉంది. బీన్స్‌లో పందికొవ్వు ఉండదు. బీన్ బరిటో, అంటే బీన్స్ పెట్టి చుట్టిన రొట్టె, నేరుగా తీసుకోవచ్చు. బీఫ్ ఉన్న దాదాపు ఏ వంటకంలోనైనా బీఫ్ తీసేసి బీన్స్ వేయమంటే వేస్తారు. చీజ్, క్రీమ్ వద్దనుకుంటే "ఫ్రెస్కో" అని అడగండి, వాటి బదులు టమాటా ముక్కలు వేస్తారు. ఫైర్, డియాబ్లో సాస్ పొట్లాలు నాలుగు ఎక్కువ అడిగి కారులో పెట్టుకోండి. అయితే అన్నీ తయారుచేసేది ఒకే బల్ల మీద. మాంసం తగలకూడదనే పట్టింపు గట్టిగా ఉన్నవారికి ఈ సంగతి చెప్పండి.

చిపోట్లే. అన్నం కావాలనే వారిని ఇక్కడికే తీసుకువెళ్లండి. బౌల్ అడిగితే మీ కళ్ల ముందే ఒక్కొక్కటీ వేస్తారు, కాబట్టి భాష ఇబ్బంది ఉన్న పెద్దలు కూడా వేలు చూపించి అడగవచ్చు. వరుస ఇలా ఉంటుంది: అన్నం, బీన్స్, మాంసం లేదా దాని బదులు ఫాహీటా కూరగాయలు (వేయించిన క్యాప్సికం, ఉల్లిపాయ), తరువాత సల్సాలు (పచ్చడి లాంటివి), చివర చీజ్, లెట్యూస్ ఆకు. తెల్లన్నంలో నిమ్మరసం, కొత్తిమీర కలిపి ఉంటాయి కాబట్టి మన నిమ్మకాయ పులిహోరకు దూరపు చుట్టంలా ఉంటుంది. నల్ల బీన్స్, పింటో బీన్స్ రెండింటిలోనూ మాంసం ఉండదు. సల్సాల్లో ఘాటైనది ఎర్ర టమాటిల్లో సల్సా, అది పక్కన చిన్న కప్పులో అడగండి. మాంసం లేకుండా తీసుకుంటే గ్వాకమోలేకు (అవకాడో ముద్దకు) వేరే డబ్బులు తీసుకోరు. బరిటో కంటే బౌల్ మేలు, ఎందుకంటే బరిటో చుట్టే రొట్టె ఒక్కదానిలోనే సుమారు 320 కేలరీలు, 600 మిల్లీగ్రాముల సోడియం ఉంటాయి.

వెండీస్. ఓవెన్‌లో కాల్చిన పెద్ద బంగాళాదుంప ఇక్కడ మధ్యాహ్నం నుంచి దొరుకుతుంది. పొట్టుతో సహా వేడివేడిగా ఇస్తారు. మధ్యలో చీల్చి, వెన్న వేసి, మెత్తగా మెదిపి, పైన చెంచాడు కందిపొడి చల్లండి. పళ్లు సరిగా లేని పెద్దలకు కూడా ఇది హాయిగా దిగుతుంది. బేకన్ (పోర్క్) ఉన్నది వద్దని, సాదాది అడగండి. ఇక్కడ చిల్లీ అంటే మిరపకాయ కాదు, బీన్స్ వేసిన చిక్కటి కూర, అది బీఫ్‌తో చేసినది.

సబ్‌వే. వెజ్జీ డిలైట్ అడగండి. మొదటి మాటగానే చేతి తొడుగులు మార్చమని, శుభ్రమైన కత్తి వాడమని చెప్పండి. బ్రెడ్ కోసిన తరువాత చెబితే ఫలితం లేదు. హాలపీన్యో మిరపకాయలు, మిరియాల పొడి, నూనె, వెనిగర్ వేయించుకుంటే చప్పిడిగా ఉండదు. మేయో (మయోనీజ్) వద్దనండి, అందులో గుడ్డు ఉంటుంది.

బర్గర్ కింగ్. ఇంపాసిబుల్ వాపర్ అనే బర్గర్‌లో మాంసం బదులు పెట్టే ముద్ద మొక్కల నుంచి చేసినదే. కానీ మామూలుగా బీఫ్ కాల్చే మంట మీదే దానినీ కాలుస్తారు. వద్దనుకుంటే మైక్రోవేవ్‌లో వేడిచేయమని అడగాలి. మేయో తీసేయమనాలి.

మెక్‌డొనాల్డ్స్. భారతదేశంలో ఇక్కడి ఫ్రైస్ తిన్న అలవాటుతో చాలామంది అమెరికాలోనూ నిస్సంకోచంగా తినేస్తారు. ఇక్కడి ఫ్రైస్‌లో బీఫ్ రుచి కోసం వేసే పదార్థం ఉంటుంది, పదార్థాల జాబితాలో వాళ్లే రాస్తారు. పెద్దలకు పెట్టే ముందు ఈ సంగతి చెప్పాలి, చెప్పకుండా పెట్టడం తప్పు. కాఫీకి, మరుగుదొడ్డికి మాత్రం ఈ చైన్ ప్రతి ఊళ్లోనూ అక్కరకు వస్తుంది.

ఫైవ్ గైస్. ఫ్రైస్ వేరుశనగ నూనెలో వేయిస్తారు, మన నోటికి బాగుంటాయి. వేరుశనగ పడనివారు లోపలికే వెళ్లకూడదు. బన్నులో గుడ్డు ఉంటుంది.

ఆలివ్ గార్డెన్. తీరిగ్గా కూర్చుని తినాలనుకున్న రోజు ఇక్కడ ఆగండి. సూపు, సలాడ్, బ్రెడ్‌స్టిక్స్ కలిపి ఎన్నిసార్లయినా వడ్డిస్తారు. మినెస్ట్రోనే అనే కూరగాయల సూపులో మాంసం ఉండదు. సలాడ్ మీద వేసేది పక్కన గిన్నెలో ఇమ్మనండి. ఇలా బల్ల దగ్గరికి వచ్చి వడ్డించేచోట బిల్లు మీద 15 నుంచి 20 శాతం టిప్ ఇవ్వడం అక్కడి పద్ధతి. కౌంటరులో మీరే తెచ్చుకునే చోట తెర మీద టిప్ అడిగినా ఇవ్వనవసరం లేదు.

వాఫుల్ హౌస్. దక్షిణ రాష్ట్రాల్లో అర్ధరాత్రి కూడా తెరిచి ఉంటుంది. తురిమిన బంగాళాదుంపను పెనం మీద కాల్చిన హ్యాష్ బ్రౌన్స్ ఇక్కడి ప్రత్యేకత. వాటికి వాళ్ల పరిభాష ఉంది: "స్మదర్డ్" అంటే ఉల్లిపాయలతో, "కవర్డ్" అంటే చీజ్‌తో, "పెప్పర్డ్" అంటే పచ్చి మిరపతో, "డైస్డ్" అంటే టమాటాతో. "చంక్డ్" అంటే పోర్క్ ముక్కలు, ఆ మాట నోట రానివ్వకండి. పెనం అందరికీ ఒకటే.

5. కౌంటరు దగ్గర వరుస

1. పెద్దలను ముందు బల్ల దగ్గర కూర్చోబెట్టండి. ఆర్డరు ఒక్కరే చెప్పాలి.
2. తెర మీద నొక్కి ఆర్డరు ఇచ్చే యంత్రం ఉంటే అదే వాడండి. ఏది తీసేయాలో, ఏది వేయాలో చీటీ మీద అచ్చవుతుంది, తరువాత వాదన రాదు.
3. యంత్రం లేకపోతే అలెర్జీ ఉన్నవారి ఆర్డరు మొదట చెప్పండి.
4. "శాకాహారమేనా?" అని అడగకండి. "ఇందులో చికెన్ బ్రాత్ (చికెన్ ఉడికించిన నీళ్లు) ఉందా? బీఫ్ ఉందా? గుడ్డు ఉందా?" అని పదార్థం పేరు పెట్టి అడగండి.
5. తీసేయాల్సినవి ముందు, చేర్చాల్సినవి తరువాత చెప్పి, చివరికి వాళ్ల చేత ఒకసారి తిరిగి చెప్పించుకోండి.
6. ధర మీద పన్ను చేరుతుంది. అది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, బోర్డు మీది అంకె చూసి చిల్లర లెక్కపెట్టకండి.
7. నీళ్లకు ఖాళీ గ్లాసు అడగండి, చాలాచోట్ల ఉచితం. ఐసు వద్దని చెప్పకపోతే గ్లాసులో మూడొంతులు ఐసే ఉంటుంది.

కారులోంచే తీసుకునే డ్రైవ్-త్రూ ఇద్దరికీ ముగ్గురికీ అయితే సరే. ఆరుగురికి ఆరు రకాల ఆంక్షలు ఉన్నప్పుడు దిగి లోపలికి వెళ్లండి. ఎలా తీసుకున్నా, ఆ ఆవరణ దాటక ముందే పొట్లాలు విప్పి చూడండి. పది మైళ్లు వెళ్లాక తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

6. పేరు చూసి మోసపోయేవి

- హ్యాంబర్గర్: పేరులో హ్యామ్ (పోర్క్) ఉన్నా, ఉండేది బీఫ్. బర్గర్ అని ఊరికే అంటే బీఫే.
- సాసేజ్, బేకన్: వేరే చెప్పకపోతే పోర్క్. పెపరోనీలో పోర్క్, బీఫ్ రెండూ ఉండవచ్చు.
- టమాటా సూపు, కూరగాయల సూపు: చికెన్ బ్రాత్ ఉందేమో అడగాలి. ఫ్రెంచ్ ఆనియన్ సూపు సాధారణంగా బీఫ్ బ్రాత్‌తో చేస్తారు.
- దక్షిణ రాష్ట్రాల్లో చిక్కుడు, ఆకుకూరలు: పోర్క్ ముక్కలు వేసి ఉడికించడం అక్కడి వంట పద్ధతి.
- సీజర్ సలాడ్: డ్రెస్సింగ్‌లో ఆంకోవీ చేపలు ఉంటాయి.
- మార్ష్‌మాలోలు, కొన్ని రుచి కలిపిన పెరుగులు: జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది.
- ఫ్రైడ్ రైస్: గుడ్డు దాదాపు తప్పదు.
- ఫ్రైస్: నూనె ఏదో అడగాలి. స్టేక్ అండ్ షేక్ 2025లో బీఫ్ కొవ్వుకు మారింది. బఫలో వైల్డ్ వింగ్స్ కూడా దానిలోనే వేయిస్తుంది.
- చాయ్ లాటే: తియ్యటి పాకం కలిపిన పానీయం. మన టీ కావాలంటే వేడినీళ్లు, వేడి పాలు విడిగా అడిగి మీ టీ సంచి వేసుకోండి.

7. షుగరు, రక్తపోటు ఉన్నవారికి

20 గానీ అంతకుమించి గానీ శాఖలున్న చైన్లు మెనూ మీద కేలరీలు చూపాలని 2018 మే నుంచి నిబంధన అమలులో ఉంది. అడిగితే పిండిపదార్థాలు, సోడియం లెక్కలు కూడా రాతపూర్వకంగా చూపించాలి. చైన్లలో తినడం వల్ల కలిగే నిజమైన లాభం ఇది, వాడుకోండి. పెద్దవారికి రోజు మొత్తానికి 2,300 మిల్లీగ్రాముల లోపు సోడియం మంచిదని సూచన. రక్తపోటు ఉన్నవారికి వైద్యులు ఇంకా తక్కువే చెబుతారు.

దక్షిణ రాష్ట్రాల్లో చల్లటి టీ అడిగితే బాగా తియ్యగా ఉన్నదే ఇస్తారు, "అన్‌స్వీట్" అని గట్టిగా చెప్పండి. బౌల్‌లో అన్నం సగం వేయమని, బీన్స్ రెట్టింపు వేయమని అడగవచ్చు. తినబోయే ముందు తీసుకునే ఇన్సులిన్‌ను తిండి చేతికి వచ్చాకే తీసుకునేలా వైద్యులతో ముందే మాట్లాడి పెట్టుకోండి. ఆర్డరు అరగంట ఆలస్యమైతే ప్రమాదం.

8. పొరపాటు జరిగితే

మాంసం ఉన్నది చేతికి వస్తే, ముక్క తీసేసి ఇస్తామంటే ఒప్పుకోకండి. మొదటి నుంచి కొత్తగా చేయమనండి. చీటీ చూపించి నెమ్మదిగా చెబితే చాలాచోట్ల మారుమాట లేకుండా చేసి ఇస్తారు. అమ్మో నాన్నో అప్పటికే ఒక ముద్ద తినేసి ఉంటే అందరి ముందూ హడావిడి చేయకండి. నీళ్లిచ్చి, నోరు కడుక్కునే చోటికి తీసుకువెళ్లండి. వాళ్లను అప్పటికప్పుడు మళ్లీ తినమని బలవంతం చేయకండి. డబ్బాలోని ఖర్జూరాలు, మజ్జిగ ఉన్నది ఇందుకే.

అలెర్జీ వల్ల పెదవులు వాస్తే, ఊపిరి ఆడకపోతే వెంటనే 911కు ఫోను చేయండి.

ఊళ్లో ఏ చైనూ నప్పకపోయినా, చేరేసరికి అన్నీ మూసేసినా పచారీ సూపర్‌మార్కెట్ చూడండి. మైక్రోవేవ్‌లో 90 సెకన్లలో వేడెక్కే అన్నం పొట్లం, సాదా పెరుగు డబ్బా, అరటిపళ్లు కొంటే హోటలు గదిలోనే పెరుగన్నం, ఊరగాయ సిద్ధం. పెరుగు కొనేటప్పుడు వెనిలా కలిపినది కాకుండా సాదాదేనని చదివి చూడండి, డబ్బాలు రెండూ ఒకేలా ఉంటాయి. గది బుక్ చేసేటప్పుడే మైక్రోవేవ్, ఫ్రిజ్ ఉన్నది ఎంచుకోండి.

మర్నాడు ఉదయం హోటలువారు పెట్టే ఉచిత అల్పాహారంలో వాఫుల్ పిండిలో గుడ్డు ఉంటుంది. వేడినీళ్లు పోసుకునే ఓట్స్, పళ్లు, బ్రెడ్ తీసుకోండి. ఓట్స్ పొట్లాల్లో రుచి కలిపినవి బాగా తియ్యగా ఉంటాయి, షుగరు ఉన్నవారికి సాదావి అడిగి తెప్పించండి.